అంగమ్మాళ్ నడిచిన వాక్యాలు

తమిళం మాట్లాడే పట్నం ఒకదాని అంచున, తట్టాంచావడి పారిశ్రామికవాడలో మందుల సీసాలకు అట్టపెట్టెలు చేసే కంపెనీ ఒకటుంది. హేమావతి అందులో శిక్షణ అధికారి. కొత్తగా చేరినవాళ్ళకు యంత్రాల దగ్గర ఎలా మసలుకోవాలో, మంటలు లేస్తే ఎటు పోవాలో నేర్పడం ఆమె పని. గొంతు పెంచి మాట్లాడదు, ఎవరినీ చిన్నబుచ్చదు, అర్థం కాలేదంటే విసుక్కోకుండా మళ్ళీ మొదటి నుంచి చెబుతుంది. కంపెనీలో ఆమెకు మంచి పేరుండేది.

ఒకరోజు మేనేజరు గుణశేఖరన్ ఆమెను గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. పెట్టెలు కొనే పెద్ద కంపెనీవాళ్ళు కొత్త షరతు పెట్టారట. కులమనీ, మతమనీ, భాషనీ, ఆడా మగా అనీ పనిచోట ఎవరినీ తక్కువగా చూడకూడదని అందరికీ శిక్షణ ఇవ్వాలట, ఇచ్చినట్టు ఫోటోలు కూడా పంపాలట. గుణశేఖరన్ చెడ్డవాడేం కాదు. ఉపన్యాసం పెడితే సగంమంది కునుకు తీస్తారనీ, అందరూ కలిసి ఆడే ఆటలాంటిదేదైనా తయారుచేయమనీ, అది మనసుకు తగలాలనీ చెప్పాడు.

మనసుకు తగలాలి అన్న మాటను హేమావతి పట్టుకుంది. అలాంటి ఆట ఒకటి ఆమెకు తెలుసు. ఎప్పుడో చెన్నైలో ఒక శిక్షణకు వెళ్ళినప్పుడు చూసింది. అందరూ ఒకే వరసలో నిలబడతారు. శిక్షకుడు ఒక్కో వాక్యం చదువుతాడు. అది తమ జీవితానికి సరిపోతే, వాక్యం ఎలా చెబితే అలా ఒక అడుగు ముందుకో వెనక్కో వేయాలి. చివరికి ఎవరు ఎక్కడ తేలారో చూసుకోవాలి. ఒకే గీత మీద బయలుదేరినవాళ్ళు అంత దూరం దూరంగా ఎందుకున్నారో ఆలోచించాలి. అయితే అక్కడ చదివిన వాక్యాలు ఎక్కడో విదేశాల బతుకులవి. విమానం ఎక్కడం గురించీ, ఇంట్లో పియానో గురించీ ఉన్నాయి. హేమావతి వాటిని పక్కన పడేసి కొత్తవి రాసుకోవడం మొదలుపెట్టింది.

రాయడానికి ఆమె పెద్దగా వెతుక్కోలేదు. సాయంత్రాలు తల్లి సౌభాగ్యం శబ్దం తగ్గించి టీవీ చూస్తుంటే, పక్కనే కూర్చుని తమిళంలో ఒక్కొక్కటే రాసింది. తెలుగు ఆమెకు ఇంటి భాషే గానీ చదవడం, రాయడం రావు.

మీ అమ్మానాన్నల్లో ఒకరైనా బడి గేటు దాటి లోపలికొచ్చి టీచరుతో మాట్లాడి ఉంటే ఒక అడుగు ముందుకు. మీ వీధి పేరు అడిగితే పక్క వీధి పేరు చెప్పి ఉంటే ఒక అడుగు వెనక్కి. స్నేహితురాలి ఇంట్లో మీకిచ్చిన గ్లాసు వేరేదని ఎప్పుడైనా అనిపించి ఉంటే ఒక అడుగు వెనక్కి. బస్సులో మీ అమ్మ ఇంటి భాషలో పిలిస్తే పలకకుండా ఉండి ఉంటే ఒక అడుగు వెనక్కి.

అన్నీ ఆమె నడిచి వచ్చినవే. ముదలియార్‌పేటలో పారిశుద్ధ్య పనివాళ్ళ లైను ఇళ్ళలో పుట్టింది హేమావతి. తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చామని ఇంట్లో చెప్పుకునేవారు. సౌభాగ్యం పదవీ విరమణ దాకా పట్నం వీధులు ఊడ్చింది. హేమావతికి ఉద్యోగం వచ్చాక తల్లీకూతుళ్ళు కదిర్కామంలో అద్దె ఇంటికి మారారు. అక్కడ వీళ్ళ పుట్టుపూర్వోత్తరాలు ఎవరికీ తెలియవు. వీళ్ళూ చెప్పుకోలేదు.

కంపెనీలోనూ అంతే. అక్కడ ఆమె ఎవరితోనూ అబద్ధం ఆడలేదు. చేరిన కొత్తలో తల్లితో ఫోనులో తెలుగు మాట్లాడుతుంటే అకౌంట్స్ చూసే వెంకటసాయి విన్నాడు. ఆయనది బజారులో రెండు తరాలుగా కొట్టు నడుపుతున్న కుటుంబం. ముఖమంతా నవ్వు చేసుకుని, మీరూ మనవాళ్ళేనా, ఏ కొట్టువాళ్ళు అని అడిగాడు. హేమావతి కూడా నవ్వి, ఆ కొట్టు ఇప్పుడు లేదు లెండి అన్నట్టుగా చెయ్యి ఊపి ఊరుకుంది. ఆ నవ్వే జవాబుగా నిలిచిపోయింది. ఆ ఏటి నుంచి దీపావళికి ఆయన ఇంటి నుంచి ఆమెకు మిఠాయి పొట్లం వచ్చేది.

కంపెనీలో ఆమె సంగతి తెలిసింది అంగమ్మాళ్ ఇంటివాళ్ళకే. కాంట్రాక్టు మీద గదులూ, మరుగుదొడ్లూ శుభ్రం చేసే ఆడవాళ్ళలో ఆమె పెద్దది. ఆమె అత్తగారూ సౌభాగ్యమూ ఒకే జట్టులో వీధులు ఊడ్చినవాళ్ళు. చిన్నప్పుడు హేమావతి ఆమెను అత్తా అని పిలిచేది. కంపెనీలో మాత్రం అంగమ్మాళ్ వణక్కం మేడమ్ అని తమిళంలో అనేది, తన దారిన తాను పోయేది. పక్కన ఎవరూ లేనప్పుడు కూడా చూపుతోనైనా చుట్టరికం కలపలేదు. హేమావతి నోరు విప్పని విషయాన్ని తానూ కడుపులో పెట్టుకుంది.

ఆటకు రావలసినవాళ్ళలో అంగమ్మాళ్ పేరు చూసి హేమావతి కాసేపు ఆగింది. అన్ని రకాల వాళ్ళూ ఉంటేనే కదా తేడా కనబడేది అని గుణశేఖరన్ శుభ్రం చేసేవాళ్ళ నుంచి కూడా ఇద్దరిని రమ్మన్నాడు. ఆమెలాంటివాళ్ళ మాట కూడా నలుగురికీ వినబడాలి కదా అని హేమావతి తనకు తాను సర్దిచెప్పుకుంది.

శనివారం మధ్యాహ్నం ఖాళీ చేసిన గోడౌనులో అందరూ చేరారు. సూపర్‌వైజర్లు, ఆఫీసువాళ్ళు, మెషిన్లు నడిపేవాళ్ళు కలిసి ముప్పై మంది దాకా ఉంటారు. హేమావతి నేల మీద సుద్దతో గీత గీసి అందరినీ దాని మీద నిలబెట్టింది. తాను గోడ పక్కన నిలబడి చదవడం మొదలుపెట్టింది.

మొదట్లో కొంత నవ్వులాట నడిచింది. నాలుగైదు వాక్యాలయ్యేసరికి నవ్వులు అణిగాయి. సీనియర్ సూపర్‌వైజరు ఆదికేశవన్ అందరికన్నా ముందుకు వెళ్ళిపోయాడు. వెంకటసాయి ఆయన వెనకే ఉన్నాడు. అంగమ్మాళ్ మాత్రం ప్రతి వాక్యాన్నీ తల వంచుకుని శ్రద్ధగా వినేది, ఒక్క క్షణం ఆలోచించేది, చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసేది. పక్క వీధి పేరు వాక్యానికి వేసింది. గ్లాసు వాక్యానికి వేసింది. హేమావతి బస్సు వాక్యం చదివింది. అప్పుడు కూడా అంగమ్మాళ్ అడుగు వేసింది. తాను రాసుకున్న బతుకు ఇంకొకరి కాళ్ళ మీద ఒక్కో అడుగే వెనక్కి పోవడం హేమావతి చూస్తూనే ఉంది. చదవడం మాత్రం ఆపలేదు. చివరి వాక్యానికి అంగమ్మాళ్ వీపు గోడౌను తలుపుకు తగిలింది.

ఆట తర్వాత చర్చ ఉండాలి. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, వెనక నిలబడ్డవాళ్ళకు ఏమనిపించిందో చెబుతారా అని హేమావతి అడిగింది. చూపులన్నీ అంగమ్మాళ్ మీదికి మళ్ళాయి. ఆమె లేచి నిలబడి హేమావతి వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పింది. లైను ఇళ్ళ గురించి చెప్పింది, అత్తగారి పని గురించి చెప్పింది, పెళ్ళయిన కొత్తలో ఒక ఇంటి మెట్ల మీద కొబ్బరిచిప్పలో తాగిన కాఫీ గురించి చెప్పింది. ఏ వీధమ్మా అని ఆదికేశవన్ మెత్తగా అడిగితే, ఆ పేరూ చెప్పింది. ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. ఆదికేశవన్ లేచి, ఇన్నేళ్ళు మనం గుడ్డివాళ్ళలా ఉన్నామని మాట్లాడాడు. చప్పట్లు కొట్టారు. గుణశేఖరన్ ఫోటోలు తీయించాడు. ఇంతకాలంలో ఇంత మంచి కార్యక్రమం జరగలేదని వెళ్తూ వెళ్తూ హేమావతితో అన్నాడు.

సోమవారం ఆదికేశవన్ తన భార్య పాత చీరలు సంచిలో పెట్టి తెచ్చి అంగమ్మాళ్‌కు ఇచ్చాడు. దారిన పోయేవాళ్ళు ఆగి, రోగిని పలకరించినట్టు తిన్నావా అని అడగసాగారు. అంతవరకూ ఆమె వాళ్ళకు ఊడ్చే అంగమ్మాళ్. ఇప్పుడు ఆ వీధి అంగమ్మాళ్ అయింది.

ఆమె కూతురు కయల్‌విళి అదే కంపెనీలో ప్యాకింగ్ విభాగంలో చేస్తుంది. ఇరవై ఏళ్ళ పిల్ల, మాటకారి. క్యాంటీనులో ఏడెనిమిది మంది ఆడపిల్లలు ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకరి డబ్బాలో ఒకరు చేయి పెట్టి తినేవాళ్ళు. ఆ పిల్ల అంగమ్మాళ్ కూతురని వాళ్ళకు తెలుసు, ఏ వీధో మాత్రం అంతవరకూ తెలియదు. ఆ వారం ఆ పిల్ల తెచ్చిన పులిహోర ఎవరూ తీసుకోలేదు. ఒకరికి కడుపులో బాగాలేదట, ఇంకొకరికి ఉపవాసమట. మర్నాడు ఆ పిల్ల వచ్చేసరికే బల్ల నిండిపోయింది. ఎవరూ ఒక్క మాట అనలేదు. శుక్రవారం నుంచి కయల్‌విళి పనికి రావడం మానేసింది.

ఇవేవీ హేమావతికి తెలియవు. ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక అంగమ్మాళ్ బకెట్టూ తుడుపుకర్రా బయట పెట్టి శిక్షణ గదిలోకి వచ్చింది. తలుపు దగ్గరగా వేసి తెలుగులో మాట్లాడింది.

"హేమా, కయల్ ఇంక రాదు. ఆ మాట నీకు చెప్పిపోదామని వచ్చినాను."

హేమావతి కుర్చీలోంచి లేచింది. "ఏమైందత్తా?"

అంగమ్మాళ్ బల్ల సంగతంతా చెప్పింది. చెప్పి, కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ పొద్దు నువ్వు చదివినావే, పక్క వీధి పేరు చెప్పేదీ, గ్లాసు సంగతీ. వినంగానే నాకు తెలిసిపాయె, అవి మన లైనింటి మాటలని. సౌభాగ్యమక్క కూతురు మన కష్టం చెప్తాండాదని రొంబ సంతోషపడినాను. అందుకే ఒక్కదానికి గూడా అబద్ధమాడకుండా నడిచినాను." ఆమె చీర కొంగు నడుముకు దోపుకుంది. "నువ్వు చదివినావు, నేను నడిచినాను, వాళ్ళు చూసినారు."

"తప్పయిపోయిందత్తా."

"నీ గురించి నేను యాడా ఒక మాట అనలేదు, అనను గూడా. నా బిడ్డ ఈడ అందరితో తింటాండాది గదా, ఇవన్నీ ఈడ చెప్పొచ్చునా అని నన్ను ముందే అడిగింటే బాగుండు. నువ్వే గదా చెప్పినావు అంటావేమో. అంతమంది ముందర మేడమ్ అడిగితే చెప్పకుండా ఎట్ల ఉండేది?"

అంగమ్మాళ్ జవాబు కోసం ఆగలేదు. బకెట్టు తీసుకుని వరండా తుడవడానికి వెళ్ళిపోయింది.

రెండు రోజుల తర్వాత గుణశేఖరన్ మళ్ళీ పిలిచాడు. ఫోటోలు చూసి పెద్ద కంపెనీవాళ్ళు మెచ్చుకున్నారట. వచ్చే నెల మనుషులను పంపుతారట. రెండో బ్యాచికి కూడా అదే ఆట ఆడించమనీ, అంగమ్మాళ్‌ను తప్పకుండా పిలవమనీ చెప్పాడు.

"ఆ ఆట ఇక ఆడించను సార్," అంది హేమావతి.

ఆయన ఆశ్చర్యపోయాడు. అందరి మనసులూ కరిగాయి కదా, ఏడ్చారు కదా అన్నాడు.

"ఏడ్చినవాళ్ళు ఇంటికెళ్ళి ఎప్పటిలా అన్నం తిన్నారు సార్. ఆమె కూతురు పని మానేసింది."

గుణశేఖరన్‌కు ఆ సంగతి తెలియదు. అయితే ఇంకేదైనా ఆలోచించు, కానీ తొందరగా ఆలోచించు అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె తల్లికి అంతా చెప్పింది. సౌభాగ్యం టీవీ ఆపేసి విన్నది. చీపురు పట్టేది తనకు నేర్పింది అంగమ్మాళ్ అత్తగారేననీ, చేతులు పగిలితే కొబ్బరినూనె రాసేదనీ చెప్పి, ఆదివారం పోయి రావాలంది.

హేమావతి ఆ వీధిలో కాలు పెట్టి ఏళ్ళయింది. అంగమ్మాళ్ ఇద్దరికీ చాప వేసి టీ ఇచ్చింది. కయల్‌విళి లోపలి గదిలోంచి బయటికి రాలేదు. హేమావతి వాకిలి దగ్గరికి వెళ్ళి, నాదే తప్పు కయల్ అంది. లోపల నుంచి, పరవాలేదక్కా అని మాత్రం వినబడింది. ఆ గొంతులో కోపం లేకపోవడం ఆమెకు మరింత బరువనిపించింది.

మాటల్లో అంగమ్మాళ్ పొద్దుటి వంట గురించి చెప్పింది. ఒకే కుండలో వండి రెండు డబ్బాల్లో సర్దుకుని వచ్చేవాళ్ళట. కూతురు క్యాంటీనులో తినేది, తల్లి కంప్రెసర్ షెడ్డు వెనక మిగతా శుభ్రం చేసే ఆడవాళ్ళతో తినేది. క్యాంటీనుకు ఎందుకు వెళ్ళరని హేమావతి అడిగింది. రావద్దని ఎవరూ అనలేదనీ, రమ్మని కూడా ఎవరూ అనలేదనీ, తాను చేరేనాటికే శుభ్రం చేసేవాళ్ళంతా ఆ షెడ్డు వెనకే తింటున్నారనీ అంగమ్మాళ్ అంది. హేమావతి ఎనిమిదేళ్ళుగా ఆ క్యాంటీనులో తింటోంది. ఒక్కసారి కూడా ఆమెకు ఆ ప్రశ్న రాలేదు.

బస్సులో తిరిగి వస్తూ ఆమె దాని గురించే ఆలోచించింది. వెనకబడ్డ మనిషిని చూపించి ముందున్నవాళ్ళకు నేర్పాలని చూసింది తాను. ఆ మనిషిని వెనక్కి నెట్టిన చోటు మాత్రం రోజూ అందరి కళ్ళ ముందే ఉంది, దాన్ని ఎవరూ చూడలేదు. చూడాల్సింది ఆ చోటును అనుకుంది.

సోమవారం మధ్యాహ్నం ఆమె తన డబ్బా పట్టుకుని కంప్రెసర్ షెడ్డు వెనక్కి వెళ్ళింది. అక్కడ పాత చెక్కపలకల మీద ఐదుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. కంప్రెసర్ మోతకు పక్కవాళ్ళ మాట కూడా వినబడదు. హేమావతి అంగమ్మాళ్ పక్కన కూర్చుని డబ్బా విప్పింది.

"అత్తా, అమ్మ చింతకాయ పచ్చడి పంపింది నీకు," అంది తెలుగులో, మోతను మించి.

జనరేటరులో డీజిల్ ఎంతుందో చూడడానికి వెంకటసాయి అటుగా వచ్చాడు. అంగమ్మాళ్ ఆయన్ని చూసి, మెల్లగా మాట్లాడు పాపా అన్నట్టు ఆమె చేయి నొక్కింది. హేమావతి గొంతు తగ్గించలేదు.

మర్నాడు వెంకటసాయి ఆమె బల్ల దగ్గరికి వచ్చి, మీది ముదలియార్‌పేటా అని అడిగాడు. అవునంది. లైను ఇళ్ళని చెప్పింది, అమ్మ మున్సిపాలిటీలో వీధులు ఊడ్చేదని చెప్పింది. ఆ మాటలు ఇన్నేళ్ళలో ఆఫీసులో ఆమె నోట రావడం అదే మొదలు. ఆయన, అట్లనా, అట్లనా అని రెండుసార్లు అని, చేతిలోని పెన్ను మూత పెట్టి తీసి, వెళ్ళిపోయాడు. ఆ దీపావళికి మిఠాయి పొట్లం రాలేదు. రాదని ఆమెకు తెలుసు. అయినా ఆ రోజు రెండు మూడుసార్లు తలుపు వైపు చూసింది.

రెండో బ్యాచికి ఆమె తయారుచేసిన పని వేరు. ఐదుగురేసి చొప్పున, హోదాలు కలగలిపి జట్లు చేసింది. ఒక్కో జట్టుకు కంపెనీలో ఒక్కో చోటు అప్పగించింది. క్యాంటీను, మంచినీళ్ళ కుళాయిలు, మరుగుదొడ్లు, గేటు, కంప్రెసర్ షెడ్డు. అక్కడ ఒక గంట ఉండి, ఎవరు వస్తున్నారు, ఎవరు రావడం లేదు, ఈ పద్ధతి ఎవరు పెట్టారు అన్నవి తెలుసుకుని అందరికీ చెప్పాలి. ఎవరూ తమ ఇంటి గురించి చెప్పనవసరం లేదు, ఇంకొకరి ఇంటి గురించి అడగకూడదు. అంగమ్మాళ్‌ను ఆమె ముందే విడిగా కలిసి, వస్తావా అని అడిగింది. రానంది. సరే అత్తా అంది.

మొదటి బ్యాచి చూసినవాడివి, జట్లకు సాయం చెయ్యమని గుణశేఖరన్ ఆదికేశవన్‌ను పంపాడు. ఆయన జట్టుకు కంప్రెసర్ షెడ్డు వచ్చింది. గంట తర్వాత చెవులు రుద్దుకుంటూ వచ్చారు. అక్కడ నీళ్ళు లేవనీ, నీడ సగమే ఉందనీ, మాట వినబడదనీ చెప్పారు. ఎవరు పెట్టారన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు. వాళ్ళకు అలవాటైపోయింది, వాళ్ళే అక్కడ కూర్చుంటారు అన్నాడు ఆదికేశవన్.

మెషిన్ మీద పనిచేసే దీపా అనే అమ్మాయి, "మీరు వాళ్ళని అడిగారా సార్?" అంది.

ఆయన లేదన్నాడు. చీరలిచ్చిన రోజు కూడా అడగలేదా అని ఎవరో వెనక నుంచి గొణిగారు. హేమావతి ఆ మాటను సాగనివ్వలేదు, మనిషి గురించి వద్దు, చోటు గురించి మాట్లాడదాం అంది. ఆదికేశవన్ ముఖం ఎర్రబడింది. వాదన మొదలైంది. క్యాంటీనులో కుర్చీలు చాలవన్నారు, పని బట్టలతో వస్తే ఎలా అన్నారు, మెషిన్ నూనె బట్టలతో మనం రావడం లేదా అన్నారు. ఎవరూ ఏడవలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గుణశేఖరన్‌కు పంపడానికి మంచి ఫోటో ఒక్కటీ దొరకలేదు. ఆ అసంతృప్తి ఆయన దాచుకోలేదు కూడా. కానీ అంతమంది ముందు తేలిన విషయాన్ని వదిలేయడానికి వీల్లేకపోయింది. క్యాంటీనులో ఇంకో రెండు బల్లలు వేయించి, అందరూ అక్కడే తినాలని చెప్పాడు.

శుభ్రం చేసే ఆడవాళ్ళు వెంటనే రాలేదు. కొన్నాళ్ళు షెడ్డు వెనకే తిన్నారు. తర్వాత ఒకరోజు అందరూ కలిసి ఒకేసారి వచ్చి, తలుపు దగ్గరి బల్ల మీద కూర్చున్నారు. అంగమ్మాళ్ అందరికన్నా చివర కూర్చుంది. ప్యాకింగ్ ఆడపిల్లల్లో ఒకతె లేచి వచ్చి, కయల్ ఎట్లుందక్కా అని తమిళంలో అడిగింది. బాగుంది అంది అంగమ్మాళ్. ఆ పిల్ల తిరిగి తన బల్లకు వెళ్ళిపోయింది.

మార్గళి నెలలో, ధనుర్మాసపు రోజుల్లో, హేమావతి తల్లికి చీర కొందామని బజారుకు తీసుకువెళ్ళింది. పెద్ద బట్టల కొట్టు, కిటకిటలాడుతోంది. చీరల బల్ల వెనక, కొట్టువాళ్ళిచ్చిన నీలం చీర కట్టుకుని కయల్‌విళి నిలబడి ఉంది. పక్కన ఇంకో ముగ్గురు ఆడపిల్లలున్నారు. హేమావతిని చూడగానే ఆ పిల్ల ముఖంలో రంగు మారింది.

"రండమ్మా, కాటన్ చూపించనా, సిల్కు చూపించనా?" అంది తమిళంలో, ఎవరితోనైనా అన్నట్టే.

సౌభాగ్యం సంతోషంగా తెలుగులో ఏదో అనబోయింది. హేమావతి ఆమె మోచేయి పట్టుకుంది. సౌభాగ్యం కూతురి వైపు చూసింది, పక్కనున్న ఆడపిల్లల వైపు చూసింది. తర్వాత తమిళంలోనే, కాటన్ చూపించమ్మా అంది.

కయల్‌విళి ఒక్కొక్క చీరే విప్పి పరిచింది. ముదురు రంగులు పక్కకు పెట్టి, సన్నటి పసుపు అంచున్న బూడిదరంగు చీర తీసి, ఇది మీకు బాగుంటుందమ్మా అంది. సౌభాగ్యం దాని పోగు వేళ్ళతో తడిమి చూసి, అదే ఇమ్మంది. మడతలు పెడుతుంటే, ఊరికే అడిగినట్టు, మీ అమ్మ బాగుందా అని అడిగింది.

"బాగుందమ్మా," అంది ఆ పిల్ల మడతల మీంచి కళ్ళెత్తకుండా.

చీర సంచి పట్టుకుని తల్లీకూతుళ్ళు బయటికి వచ్చారు. జనంలోంచి దారి చేసుకుంటూ బస్టాపు దాకా నడిచారు.

"బిడ్డ చిక్కిపోయినాది," అంది సౌభాగ్యం.

"అవునమ్మా," అంది హేమావతి తెలుగులోనే. బస్సు వస్తే తల్లిని ముందు ఎక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, తాను పక్కన నిలబడింది.